తేలిన బొట్టుకు రెండో పరీక్ష కావాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రక్తదాన శిబిరాల్లో దాతల వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూసే ల్యాబ్ టెక్నీషియన్లం రాస్తున్న లేఖ ఇది. ఉద్దానంలో డయాలసిస్ మీద బతుకుతున్నవాళ్లకు, మన్యం నుంచి వచ్చే సికిల్ సెల్ పిల్లలకు, కాన్పులో రక్తం పోయిన తల్లులకు ఇక్కడ రక్తం ఎంత అవసరమో తమరికి తెలుసు. అలాంటి చోట, ఇస్తామని వచ్చిన మనిషిని పరీక్షలో పొరపాటు వల్ల వెనక్కి పంపకూడదు.

నిబంధనల ప్రకారం దాతకు, ఆడవారైనా మగవారైనా, డెసిలీటరుకు కనీసం 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. ఊళ్లలో పెట్టే శిబిరాల్లో చాలాచోట్ల ఇప్పటికీ దాన్ని కాపర్ సల్ఫేట్‌తోనే చూస్తున్నారు. రైతులు మైలుతుత్తం అనేది దీన్నే. హిమోగ్లోబిన్ ఎక్కువున్న రక్తం ఎక్కువ సాంద్రంగా ఉంటుంది, అదే ఈ పరీక్షకు ఆధారం. విశిష్ట సాంద్రత (నీటితో పోల్చిన సాంద్రత) 1.053 ఉండేలా కలిపిన ఆ నీలం ద్రావణంలోకి సెంటీమీటరు ఎత్తు నుంచి రక్తపు బొట్టును వదులుతాం. పడగానే బొట్టు చుట్టూ రాగి, ప్రొటీన్ కలిసి సన్నటి పొర కడుతుంది. ఆ పొర వల్ల దాదాపు 15 సెకన్లు బొట్టు సాంద్రత మారదు. ఆలోపు అడుక్కి దిగితే దాత పాసైనట్టు. పడిన ఊపుకి కొంత దిగి, మధ్యలో ఆగి, మళ్లీ పైకి లేస్తే హిమోగ్లోబిన్ చాలనట్టు.

పరీక్ష చెడ్డది కాదు. చవక, కరెంటు అక్కర్లేదు, నిమిషంలో తేలిపోతుంది. జాగ్రత్తగా చేస్తే మునిగిన బొట్టును చాలావరకు నమ్మవచ్చు. తేలిన బొట్టును మాత్రం అంతగా నమ్మలేం. రక్తం రావడం లేదని వేలిని పిండితే కణజాలంలోని నీరు కలిసి బొట్టు పలచబడుతుంది. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా అంతే. క్యాపిలరీ గొట్టంలో చిన్న గాలి బుడగ చేరినా, సరిపడా హిమోగ్లోబిన్ ఉన్న రక్తం కూడా తేలుతుంది. ఫ్యాను కింద మూత లేకుండా గంటలకొద్దీ ఉంచితే నీరు ఆవిరై ద్రావణం చిక్కబడుతుంది. అప్పుడు మునగాల్సిన బొట్టు కూడా తేలుతుంది.

ఎండ దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. ద్రావణాన్ని సరిచూసేది 25 డిగ్రీల దగ్గర. మే నెలలో టెంటు కింద అది 35 డిగ్రీలకు చేరితే, నీటి సాంద్రత ఒక్కటే సుమారు 0.003 తగ్గుతుంది. 12.5 గ్రాములకు వాడే ద్రావణం 1.053, 13.5 గ్రాములకు వాడేది 1.055. అంటే ఒక గ్రాము హిమోగ్లోబిన్‌కు తేడా 0.002 మాత్రమే. వేడెక్కిన ద్రావణంలో తేలాల్సిన బొట్టు మునిగిపోవచ్చు, రక్తహీనత ఉన్న మనిషి నుంచే 350 మిల్లీలీటర్లు తీసేయవచ్చు. ఒకే సీసా పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా చెప్పగలదన్నమాట. పైగా పడిన ప్రతి బొట్టూ ద్రావణాన్ని కొంత మారుస్తుంది కాబట్టి 30 మిల్లీలీటర్ల ద్రావణాన్ని 25 మందికి మించి వాడకూడదు. రద్దీ ఉందని 26వ మనిషికి కూడా అదే వాడటం తప్పు.

ఇంకో పెద్ద లోటు, ఈ పరీక్ష అంకె చెప్పదు. 12.3 ఉన్నవారి బొట్టూ తేలుతుంది, 8 ఉన్నవారి బొట్టూ తేలుతుంది. ఇద్దరికీ “ఒంట్లో రక్తం లేదు” అనే మాటే చెప్పి పంపేస్తున్నారు. మొదటివారు భయపడి మళ్లీ శిబిరం వైపు రారు. రెండోవారికి వైద్యం అవసరమని ఎవరూ చెప్పరు. ఇలా వెనక్కి వెళ్లేవారిలో ఆడవాళ్లే ఎక్కువ.

అందుకే మా విన్నపం: తేలిన ప్రతి బొట్టుకూ, దాతను పంపేయకముందే, చేతిలో పట్టే ఫొటోమీటర్‌తో (రక్తం గుండా వెలుతురు పంపి హిమోగ్లోబిన్ కొలిచే మెషిన్‌తో) రెండో పరీక్ష చేయించండి. దానికి 10 మైక్రోలీటర్ల రక్తం చాలు. వేరే వేలును గుచ్చి, మొదటి రెండు మూడు బొట్లు పొడి దూదితో తుడిచేసి, తర్వాతి పెద్ద బొట్టుకు క్యువెట్ (మెషిన్‌లో పెట్టే చిన్న ప్లాస్టిక్ పలక) కొనను ఆనిస్తే తనే పీల్చుకుంటుంది. బయట అంటిన రక్తం తుడవాలి, లోపల బుడగ కనిపిస్తే ఆ క్యువెట్ పారేయాలి. నిమిషంలోపే గ్రాముల్లో అంకె వస్తుంది. క్యువెట్లు ఖరీదైనవని తెలుసు. అందరికీ కాకుండా తేలినవారికే వాడితే ఆ ఖర్చు చాలా తగ్గుతుంది.

మెషిన్ పంపి చేతులు దులుపుకుంటే మాత్రం లాభం లేదు. లోపల రసాయనం పూసిన క్యువెట్లు తేమకు పాడవుతాయి. మాది సముద్రపు గాలి. డబ్బా మూత తీసి ఉంచితే కొన్నాళ్లకే రీడింగులు తప్పుతాయి. తెరిచిన తేదీ డబ్బా మీద రాయాలని, కంపెనీ ఇచ్చిన గడువు దాటితే వాడకూడదని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. రోజూ, అంకె ముందే తెలిసిన కంట్రోల్ ద్రావణంతో మెషిన్‌ను సరిచూడాలి. వారానికోసారి గడ్డకట్టకుండా ఈడీటీఏ కలిపిన కొందరు దాతల రక్త నమూనాల్లో మా మెషిన్ చూపే అంకెను, జిల్లా ఆసుపత్రిలో రక్తకణాలు లెక్కించే సెల్ కౌంటర్ మెషిన్ అంకెతో పోల్చాలి.

ఫొటోమీటర్‌కు బదులు సాలీ గొట్టాలు పంపవద్దని కూడా కోరుతున్నాం. ఆమ్లం కలిపి పది నిమిషాలు ఆగి, రంగు కుదిరిందా లేదా అని కంటితో చూసే పద్ధతిలో ఇద్దరు చూస్తే రెండు అంకెలొస్తాయి. రక్తపు మరక రంగును గడులతో పోల్చి చూసే రంగు కార్డులోనైతే 12 తర్వాత గడి 14. మాకు తేల్చాల్సిన 12.5 ఆ రెండింటి మధ్యే ఉంది.

రెండో పరీక్షలోనూ తక్కువ వచ్చినవారికి అంకె, తేదీ రాసిన చీటీ ఇవ్వాలి. వారి ఊరి ఏఎన్ఎంకు సమాచారం వెళ్లాలి. 60 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న ఎర్ర మాత్రలు ప్రభుత్వం దగ్గర ఉన్నవే, శిబిరంలోనే మొదటి కోర్సు చేతికివ్వవచ్చు. టీతో మింగవద్దని చెప్పి మరీ ఇవ్వాలి. బాగా తక్కువున్నవారిని మాత్రలతో సరిపెట్టకుండా డాక్టరు దగ్గరికి పంపాలి.

ఈ రెండు జిల్లాల్లో శిబిరాలకు వెళ్లే ప్రతి వాహనానికీ ఒక ఫొటోమీటర్, ఒక థర్మామీటర్, మూతున్న సీసాలు ఇప్పించండి. బయల్దేరే ముందు ద్రావణాన్ని సరిచూసుకోవడానికి ప్రతి బ్లడ్ బ్యాంకుకూ సాంద్రత కొలిచే ఒక మంచి హైడ్రోమీటర్ కావాలి. వచ్చే ఎండాకాలం శిబిరాలు మొదలయ్యేలోపు ఇవి మాకు అందేలా చూడమని కోరుతున్నాం.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బ్లడ్ బ్యాంకు ల్యాబ్ టెక్నీషియన్లు