అవ్వ పాట కింద అవ్వ పేరు: అక్కకు కృతజ్ఞతలు

మొన్న గురువారం రాత్రి అవ్వ పాట కింద అవ్వ పేరు కనిపించింది. పాట బయటికొచ్చిన ఏడు నెలలకు. దానికి కారణమైన మనిషి తన పేరు ఎక్కడా రాయొద్దన్నారు. అందుకే మా కళాకారులందరూ పిలిచినట్టే నేనూ అక్క అనే రాస్తున్నాను. అక్క ఇరవై ఏళ్లకు పైగా జానపద గాయకులకు మేనేజర్‌గా, పబ్లిసిస్ట్‌గా (పత్రికల్లో, మీడియాలో ప్రచారం చూసే మనిషిగా) పనిచేస్తున్నారు. ఆవిడకు నలుగురి ముందు థాంక్స్ చెప్పుకోవాలనే ఈ పోస్ట్.

ముందు జరిగింది చెప్తాను. నేను నాలుగేళ్లుగా ఒక చిన్న జానపద బృందం పనులు చూస్తున్నాను. ప్రోగ్రాములు మాట్లాడటం, ప్రయాణాలు, పేమెంట్లు, పత్రికలకు ప్రెస్ నోట్లు అన్నీ నావే. బృందానికి ప్రాణం అవ్వ గొంతు. డెబ్బై దాటాయి. పాటలన్నీ వాళ్లమ్మ నోటి వెంట నేర్చుకున్నవే, ఒక్కటీ కాగితం మీద లేదు. అందులో ఒక పాటను రికార్డ్ చేస్తామని ఒక ఆడియో కంపెనీ ముందుకొచ్చింది. రేపు రికార్డింగ్ అనగా నాలుగు పేజీల అగ్రిమెంట్ పంపారు. తెలిసినవాళ్లెవరికీ చూపించకుండానే అవ్వ చేత సంతకం పెట్టించాను. ఆ తప్పు నాదే.

పాట బయటికొచ్చాక చూస్తే గాయని పేరు ఉండాల్సిన చోట ‘సాంప్రదాయం’ అని ఒక్క మాట ఉంది. అంతటితో ఆగలేదు. రెండేళ్ల కిందట మా సొంత యూట్యూబ్ ఛానెల్‌లో పెట్టుకున్న అవ్వ వీడియో మీద ఆ కంపెనీ పేరుతో కాపీరైట్ క్లెయిమ్ పడింది, అంటే అందులోని పాట హక్కు తమదని యూట్యూబ్‌కు చెప్పారు, మా వీడియో కనిపించకుండా పోయింది. “నా గొంతు నాది కాదంటున్నారా బిడ్డా?” అని అడిగింది అవ్వ. నా దగ్గర జవాబు లేదు. కంపెనీకి ఎన్ని మెయిళ్లు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. అప్పుడు మా డోలు వాయించే తమ్ముడు అక్క నంబర్ ఇచ్చాడు.

నేను ఫోన్‌లో గోడంతా వెళ్లబోసుకుంటుంటే అక్క ఓపికగా విని ఒకటే అడిగారు: “వాళ్లు రాయించుకున్నది పాట మీదా, రికార్డింగ్ మీదా?” నాకు ఆ తేడానే తెలియదు. తరతరాలుగా వస్తూ, రాసిందెవరో తెలియని పాట మాటల మీద, బాణీ మీద మామూలుగా ఏ ఒక్కరికీ కాపీరైట్ ఉండదు. ఆ పాటను పాడించి తీసిన రికార్డింగ్‌కు మాత్రం హక్కుదారు ఉంటారు. కంపెనీకి ఉన్నది తను తీసిన రికార్డింగ్ మీద హక్కే. అంతకుముందే మేం తీసుకున్న వీడియో మాది. పాడిన మనిషికి కూడా హక్కు ఉంటుందని, 1996లో జెనీవాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రదర్శకుల లెక్కలో జానపదాలు పాడేవాళ్లను కూడా విడిగా చెప్పి మరీ చేర్చిందని, తన పేరు చెప్పమని అడిగే హక్కు కూడా అందులో ఉందని అక్క చెప్పారు. ఆ సంగతి చెప్పినప్పుడు అవ్వ నా చేత రెండుసార్లు చెప్పించుకుంది.

తర్వాత పదకొండు రోజులు అక్క నా వెంటే ఉన్నారు. మా పాత వీడియో అసలు ఫైలు, అది తీసిన తేదీ, ఆ రోజు ఫొటోలు, ప్రోగ్రాం పోస్టరు, కంపెనీ మనిషితో నడిచిన మెసేజీలు అన్నీ ఒక్కచోట పెట్టించారు. నేను రాసిన మూడు పేజీల ఉత్తరం ఒక్క పేజీకి తగ్గింది. కోపంగా ఉన్న వాక్యాలన్నీ పెన్సిల్‌తో కొట్టేశారు. మిగిలినవి మూడు కోరికలు: క్లెయిమ్ తీసెయ్యాలి, పాట ఎక్కడ ఉంటే అక్కడ అవ్వ పేరు ఉండాలి, ఆదాయం లెక్క ఏడాదికి రెండుసార్లు చూపించాలి. తొమ్మిదో రోజున క్లెయిమ్ పోయింది. మిగతా రెండింటికీ నాలుగు వారాల్లో ఒప్పుకుని కాగితం పంపారు.

మధ్యలో ఒకరోజు నేను నీరుగారిపోయి, వదిలేద్దాం అక్కా అన్నాను. అప్పుడు సాలమన్ లిండా గురించి చెప్పారు. దక్షిణాఫ్రికా గాయకుడు. 1939లో ఆయన రికార్డ్ చేసిన పాట ప్రపంచమంతా తిరిగింది, ఎందరికో డబ్బు తెచ్చింది. ఆయన మాత్రం 1962లో పేదరికంలోనే పోయారు. కుటుంబానికి న్యాయమైన ఒప్పందం కుదిరింది 2006లో. “అవ్వ మన కళ్ల ముందు ఉండగానే చేద్దాం” అన్నారు అక్క. ఆ తర్వాత నేను వదిలేద్దామన్న మాట ఎత్తలేదు.

ఈ వృత్తిలో అక్క గురువుగా తలచుకునేది హెరాల్డ్ లెవెంథాల్‌ని. అమెరికన్ జానపద గాయకులు పీట్ సీగర్, వుడీ గత్రీల మేనేజర్ ఆయన. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా మన దేశానికి వచ్చి గాంధీజీని కలిశారు. సీగర్ ఉన్న వీవర్స్ బృందాన్ని రాజకీయ కారణాలతో బ్లాక్‌లిస్టులో పెట్టి వేదికలు ఇవ్వని రోజుల్లో, 1955 డిసెంబర్ 24న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో వాళ్ల కచేరీ పెట్టించారు. పాడేవాళ్ల పేర్లు మనకు తెలుసు, వేదిక దొరికేలా చూసినవాళ్ల పేర్లు మనం అడగం. నేనూ అడిగేవాణ్ని కాదు.

క్లెయిమ్ గొడవ తీరాక కూడా అక్క నన్ను వదల్లేదు, మా ప్రెస్ నోట్ చూపించమన్నారు. అందులో నేను ‘మట్టి పరిమళం’, ‘కనుమరుగవుతున్న కళ’ అని రాసుకున్నాను. “అవ్వ మన ముందు కూర్చుని పాడుతుంటే కనుమరుగవుతోందని ఎందుకు రాస్తావు? ఆమెకు ఎన్ని పాటలు వచ్చో రాయి” అన్నారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. అవ్వ, నేను మూడు సాయంత్రాలు కూర్చుని లెక్కపెట్టాం. నూట పన్నెండు తేలాయి. పనిలో పాడేవి ఎన్ని, జోల పాటలు ఎన్ని, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఏ చరణం తనే కట్టింది, అన్నీ రాసుకున్నాం. ఆ నోట్ పంపిన రెండో రోజే ఒక విలేకరి నూట పన్నెండు పాటల సంగతేంటని ఫోన్ చేశారు. ఫోన్ అవ్వకే ఇచ్చాను. ఇదివరకైతే నేనే మాట్లాడేవాణ్ని.

మేనేజర్లు మామూలుగా 15 నుంచి 20 శాతం కమీషన్ తీసుకుంటారు, పబ్లిసిస్టులు నెలకింతనో పనికింతనో తీసుకుంటారు. అక్క మా దగ్గర ఏమీ తీసుకోలేదు. ఇవ్వబోతే, “ముందు అవ్వకు చేరనీ” అన్నారు. ఆ మాట మా లెక్కల పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాను. ఉత్తరాన్ని చట్టం తెలిసిన కళ్లతో చదివి పెట్టిన లాయర్ గారికి, అక్క నంబర్ ఇచ్చిన తమ్ముడికి, మా వీడియో పోయిందేంటని అడిగి ధైర్యం చెప్పిన శ్రోతలకు కూడా పేరుపేరునా కృతజ్ఞతలు.

అక్కా, మీ పెన్సిల్ గీతలున్న ఆ మూడు పేజీలు దాచుకున్నాను. అవ్వకు చదవడం రాకపోయినా నిన్న ఫోన్ చేతికిచ్చి, పాట కింద తన పేరున్న చోట వేలు పెట్టించాను. చాలాసేపు వేలు తీయలేదు. తర్వాత వాళ్లమ్మ పేరు కూడా అక్కడ రాయొచ్చా అని అడిగింది. రాయొచ్చా అక్కా? అవ్వ మీ కోసం ఒక జోల పాట పాడి రికార్డ్ చేయించింది. మీ ఫోన్‌కు పంపాను, వినండి.