విరామంలో నాతో మాట్లాడిన పెద్దమనిషికి కృతజ్ఞతలు

నేను పెరిగిన ప్రాంతంలోనే కథ జరిగే సినిమాలో, వంతెన దాటిన కథానాయిక మరుక్షణమే నదికి ఎంతో దూరాన ఉండే స్టేషన్ ముందు ప్రత్యక్షం కాగానే నేను పైకే గొణుక్కుంటే, విసుక్కోకుండా విరామంలో దాని వెనుక ఉన్న పనితనాన్ని వివరించిన పక్క సీటు పెద్దమనిషికి హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ పేరు అడిగే వ్యవధి దొరకలేదు.

1920ల తొలినాళ్లలోనే రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్, మాస్కోలో వేర్వేరు చోట్ల తీసిన షాట్ల మధ్య వాషింగ్టన్‌లోని వైట్‌హౌస్ దృశ్యాన్ని చేర్చి, అవన్నీ ఒకే చోట ఉన్నాయన్న భ్రమ కలిగించాడని మీరు చెప్పిన తరువాత, సినిమా రెండో సగం నాకు మరో విధంగా కనిపించింది. దారులను సరిచూడడం మాత్రం మానలేదు (ఆ పరిసరాల్లో పెరిగినవాళ్లకు అది సాధ్యం కాదేమో), కానీ ఎక్కడ షాట్ మారుతోందో, పాత్ర చూపు ఏ దిక్కుకు తిరిగినప్పుడు తరువాతి చోటు వచ్చి అతుక్కుంటోందో గమనించడంలో కొత్త ఆనందం దొరికింది.

చివరి పేర్లు పూర్తయ్యేదాకా కూర్చోమన్న మీ సలహాకు మరింత రుణపడి ఉన్నాను. చిత్రీకరణకు సహకరించిన ఊళ్ల జాబితాలో మా పొరుగూరి పేరును తెర మీద చదవగలిగాను.