అడగకుండా కోడ్‌లు కలిపేసిన అప్‌డేట్‌పై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

నమస్కారం. గుణాత్మక పరిశోధన కోసం మీ సాఫ్ట్‌వేర్‌ను నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఇంటర్వ్యూల్లోని మాటలు చదివి, ఒక్కో భాగానికి దాని అర్థం చెప్పే చిన్న పేరు, అంటే కోడ్, పెట్టుకుంటాను. పోయిన వారం అప్‌డేట్ అయ్యాక ప్రాజెక్ట్ తెరిస్తే 140 కోడ్‌లలో 52 మిగిలాయి. దగ్గర దగ్గరగా అనిపించినవాటిని సాఫ్ట్‌వేరే ఒకచోట చేర్చేసింది. ముందుగా నన్ను ఒక్క మాట అడగలేదు.

నావి నైట్ డ్యూటీ నర్సుల ఇంటర్వ్యూలు, మొత్తం 24. నీరసం, విసుగు, నిద్రలేమి వేర్వేరు కోడ్‌లు. ఒకావిడ "ఒళ్లు బాగానే ఉంది, మనసుకే నిద్ర కావాలి" అన్నారు. ఆ మాటకు నా మాట అడ్డం పెట్టడం ఇష్టంలేక దాన్నే కోడ్ పేరుగా ఉంచాను. ఇప్పుడవన్నీ 'అలసట'లో కలిసిపోయాయి.

అంతకన్నా ఘోరం 'అనుభవం'. ఉద్యోగంలో ఎన్నేళ్ల అనుభవం అన్నది మనిషికి సంబంధించిన లక్షణం. వయసు, షిఫ్ట్‌లాగా పట్టికలో ఉండాలి. పేషెంట్ చనిపోయిన రాత్రి ఎలా గడిచిందన్నదీ అనుభవమే, కానీ అది ఒక నర్సు చెప్పిన మాటలకు నేను పెట్టిన కోడ్. పేరు ఒకటే కదా అని రెండింటినీ కలిపేసింది. ఆ రాత్రి గురించిన పేరా పక్కన ఇప్పుడు '8 ఏళ్లు' అని కనిపిస్తోంది. అది చూసి చాలాసేపు నాకేమీ తోచలేదు.

1967లో సామాజిక శాస్త్రవేత్తలు గ్లేజర్, స్ట్రాస్ గ్రౌండెడ్ థియరీని, అంటే సేకరించిన సమాచారం నుంచే సిద్ధాంతాన్ని రాబట్టే పద్ధతిని, వివరించినప్పుడు నిరంతర పోలికకే పెద్దపీట వేశారు. కొత్తగా వచ్చిన ప్రతి సంఘటననూ అదే వర్గంలో అంతకుముందు చేర్చినవాటితో పోల్చి చూడాలి. ఆ వర్గం లక్షణాలు తేలేది అలా పోల్చేటప్పుడే. నేను ఏవి కలిపానో, ఏవి విడిగా ఉంచానో, ఎందుకో మెమోల్లో రాసుకున్నాను. వాటిలో 31 కనిపించడం లేదు. రేపు థీసిస్ పరీక్షకులు అడిగితే ఏం చూపించాలి?

అన్‌డూ పనిచేయలేదు. ఫోన్ చేస్తే "మళ్లీ విడగొట్టుకోండి మేడమ్" అన్నారు. ఏ వాక్యం ఏ కోడ్‌లోదో గుర్తే లేకుండా పోయాక ఎలా విడగొట్టాలి?

అప్‌డేట్‌కు ముందున్న కాపీ మీ సర్వర్‌లో ఉంటే, మెమోలతో సహా వెంటనే తిరిగి ఇవ్వండి. ఏ కోడ్ దేనిలో కలిసిందో పూర్తి లాగ్ పంపండి. ఇకమీదట సాఫ్ట్‌వేర్ సూచన మాత్రమే చేయాలి, కలపాలా వద్దా అన్నది పరిశోధకులు నిర్ణయించుకుంటారు. థీసిస్ గడువు దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది. పది రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని