అప్పడంలా పొంగిన లేసు గుడ్డలు: మా దగ్గర కొన్నవారికి ఒక వివరణ

గత బతుకమ్మ, దసరా పండుగలకు మా దగ్గర టాటింగ్ లేసు పీట గుడ్డలు తీసుకున్న వారిలో కొందరికి, మొదటి ఉతుకు తర్వాత ఆ గుడ్డ మధ్యలో అప్పడంలా పొంగింది. మరికొందరికి అంచులు అలలు తిరిగాయి. హనుమకొండలోని మా దుకాణానికి ఒక పెద్దమ్మ ఆ గుడ్డను స్వయంగా తీసుకొచ్చి, బల్ల మీద పరిచి, అరచేతితో ఎంత అదిమినా నడిమి భాగం మళ్లీ లేవడం నాకు చూపించారు. తప్పు నాది. అది ఎలా జరిగిందో, ఇకముందు పని ఎలా మారుతుందో, ధర ఎందుకు పెరుగుతుందో మీకు దాపరికం లేకుండా చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

టాటింగ్ గురించి తెలియని వారి కోసం ముందుగా రెండు మాటలు. నేతగాళ్ల నాడెను వేలెడంత చేసినట్టుండే చిన్న షటిల్‌తో, ఎడమ చేతి వేళ్లకు చుట్టుకున్న దారం మీద ఒక్కొక్క ముడి వేసుకుంటూ పోయే లేసు పని ఇది. రెండు సగం ముళ్లు కలిస్తే ఒక జంట ముడి అవుతుంది. మా ఆరు రేకుల పువ్వులో ఒక్కో రేకు 20 జంట ముళ్ల ఉంగరం. అందులో ఐదేసి ముళ్ల మధ్య ఒక చిన్న దారపు కన్ను వదులుతాము. దీనిని పికో అంటారు, చీర అంచుకు వేయించే పికో వేరు. రేకుకు అటూ ఇటూ ఉన్న కళ్లు పక్క రేకులను పట్టుకుంటాయి, కొనన ఉన్న కన్ను పక్క పువ్వును పట్టుకుంటుంది. పెద్ద గుడ్డ మొత్తం నిలబడేది ఈ కొన కళ్ల మీదనే.

ఇక పూలను పేర్చే పద్ధతి ముగ్గు వేసే వారందరికీ తెలిసిందే. ఆరు రేకుల పువ్వు సందు చుక్కకు చక్కగా ఒదుగుతుంది. పీట గుడ్డకు మేము 11 నుంచి 6 వరకు సందు చుక్క పెట్టుకుంటాము, అంటే నడిమి వరుసలో 11 పూలు ఉంటాయి, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గుతూ చివరి వరుసల్లో ఆరేసి మిగులుతాయి. మొత్తం 91 పూలు, వాటిని ఒకదానితో ఒకటి కలిపే చోట్లు 240. ఎనిమిది రేకుల పువ్వైతే ఎదురు చుక్కలోనే కుదురుతుంది, నాలుగు పూల నడుమ మిగిలే ఖాళీలో నాలుగు రేకుల చిన్న పువ్వు ఒకటి కూర్చుంటుంది. బతుకమ్మలా గుండ్రంగా కావాలని అడిగిన వారికి సందు చుక్క గుడ్డనే చేసి, దాని ఆరు పక్కలా సగం పూలు నింపి మూలల పొడుపు కనిపించకుండా ఇచ్చాము. అన్నిటికంటే చేతికి ఇష్టమైన పని నాకు అదే.

గన్నేరు, నందివర్ధనం లాంటి ఐదు రేకుల పూలతో పెద్ద గుడ్డ చేయమన్న వారికి మాత్రం కాదని చెప్పాను. అటువంటి పూలు మూడింటిని ఒకచోట కలిపితే 36 డిగ్రీల సందు మిగిలిపోతుంది, దానిని బలవంతంగా మూస్తే పని గిన్నెలా లేస్తుంది. అదే గుణంతో 12 పూలు కలిపితే చక్కటి బంతి అవుతుంది కాబట్టి, వాటిని గుమ్మానికి వేలాడదీసే బంతులుగా చేసి ఇస్తున్నాము.

ఇప్పుడు జరిగిన పొరపాటు. పండుగ గిరాకీని అందుకోవాలన్న తొందరలో ఒక్కో గుడ్డకు కావలసిన పూలను నలుగురు ఆడవాళ్లకు పంచి ఇచ్చాను. దారం అందరిదీ ఒకటే, 40 నంబరు నూలు దారం. ముళ్ల లెక్క కూడా ఒకటే. కానీ చేతి బిగువు ఎవరిది వారిదే. ఒకరి పువ్వు 24 మిల్లీమీటర్లు వస్తే ఇంకొకరిది 26 వచ్చింది. విడిగా చూస్తే కంటికి ఆనని ఆ తేడా 11 పూల వరుసలో 22 మిల్లీమీటర్లు అవుతుంది. పెద్ద పూలు నడుమ, చిన్నవి చుట్టూ పడిన గుడ్డలు పొంగాయి, చిన్నవి నడుమ పడిన వాటి అంచులు అలలు తిరిగాయి. కలిపేటప్పుడు కొన్ని పూలను లాగి అందించవలసి వస్తున్నదని నా చేతికి తెలుస్తూనే ఉంది. అయినా గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, చదునుగా కనిపించగానే పంపించాను. ఉతికితే గంజి పోతుంది, పొంగు బయటపడుతుంది. క్రోషే లేసులాగా కొస పట్టి లాగితే ఊడివచ్చే అల్లిక కాదు కనుక, టాటింగ్ ముళ్లు బిగిసిన తర్వాత విప్పి సరిచేయడం కుదరదు. కొత్తది చేయవలసిందే.

అందువల్ల ఇకముందు ఒక గుడ్డలోని పూలన్నీ ఒకే మనిషి చేస్తారు. మొదటి మూడు పూలు కొలత చూసుకున్న తర్వాతే మిగిలిన పని మొదలవుతుంది. పూలన్నీ చేసి పెట్టుకుని చివర కలపడం మానేశాము. ప్రతి పువ్వునూ అల్లుతుండగానే, దాని రేకు కొన దగ్గరకు రాగానే సన్నని కొక్కెంతో పక్క పువ్వు కన్నులోంచి దారం లాగి కలిపేస్తాము. ఒక్కో చుట్టు పూర్తి కాగానే తడిపి, చుక్కలు గీసిన అట్ట మీద గుండుసూదులతో పరిచి ఆరబెడతాము. గంజి ఇక పెట్టము.

ఒక పువ్వుకు దాదాపు 20 నిమిషాలు పడుతుంది కాబట్టి పీట గుడ్డకు పూల పనే 30 గంటలు. కొలతకు, ఆరబెట్టడానికి పట్టే సమయానికి కూడా ఇప్పుడు కూలి కట్టిస్తున్నాము. ఇంతకుముందు 3,400 రూపాయలున్న పీట గుడ్డ ఇకపై 4,100 అవుతుంది, మూడు వారాలకు బదులు ఐదు వారాలు పడుతుంది. పండుగకు వారం ముందు వచ్చి అడిగే వారికి ఇవ్వలేనని ముందే చెబుతాను.

పొంగిన గుడ్డలు తీసుకున్న వారికి, అప్పుడు ఇచ్చిన పాత ధరలోనే, మళ్లీ పైసా తీసుకోకుండా కొత్తది చేసి ఇస్తాము. కొత్తది వద్దనుకునే వారికి డబ్బు మొత్తం తిరిగి ఇస్తాము. గుడ్డను తెచ్చేటప్పుడు దయచేసి ఇస్త్రీ చేయకండి, ఒకసారి మంచినీళ్లలో తడిపి నీడన ఆరబెట్టి అలాగే తీసుకురండి. పొంగు ఏ వరుస దగ్గర మొదలైందో కనబడితే, ఎవరి పూలు ఎక్కడ పడ్డాయో నాకు తెలుస్తుంది.