శీనుగాడికి, నామియె స్టేషన్ నుంచి

ఒరేయ్ శీనూ,

సారీ రా, నీ మెసేజ్ వచ్చి రెండు నెలలైంది, రేపు రాద్దాం ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే ఉన్నా. ఇక్కడ అందరం బానే ఉన్నాం, పాప బడికెళ్తోంది, అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. బఠాణీల బాకీ గుర్తుంది, వచ్చినప్పుడు తీరుస్తా. అసలు సంగతి వేరే ఉంది, నిన్నటి నుంచి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

శని ఆదివారాలు ఫుకుషిమా తీరంలో గైడ్ పని చేస్తున్నానని చెప్పాగా. ఫుతాబా మ్యూజియం, తొమియోకా చెర్రీ చెట్లు, ఆఖర్న నామియెలో ఉకెదో బడి. నిన్న మొట్టమొదటిసారి తెలుగువాళ్ళొచ్చారు రా! టోక్యోలో సాఫ్ట్‌వేర్ జంట, అబ్బాయి వాళ్ళ నాన్నగారు. ఆయనది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. రైలు దిగగానే "ఏ ఊరు బాబూ మనది" అన్నారు, అచ్చం మన లెక్కల మాస్టారి గొంతే, నా చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి, ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

ఉకెదో బడి సముద్రానికి 300 మీటర్లే. 2011 మార్చి 11న భూకంపం రాగానే టీచర్లు బళ్ళో ఉన్న 82 మంది పిల్లల్నీ కిలోమీటరున్నర అవతల ఓహిరా కొండకి నడిపించేశారు, ఒక్కరికీ ఏం కాలేదు. తర్వాత సునామీ వచ్చి బడిని ముంచేసింది. జిమ్‌లో నేల కుంగిపోయింది గానీ గ్రాడ్యుయేషన్ బ్యానర్ ఇంకా అలాగే ఉంది. ఇదంతా చెప్పి మామూలుగా అక్కడితో ఆపేస్తా, అడిగితేనే మిగతాది.

ఆయన అడిగారు. "మరి ఊళ్ళోవాళ్ళో బాబూ?"

ఇంగ్లీషులో, జపనీస్‌లో ఎన్నిసార్లు చెప్పానో. సర్చ్, ఎవాక్యుయేషన్ ఆర్డర్, అంటూ గడగడా వచ్చేస్తుంది. తెలుగులో ఒక్కసారీ చెప్పలేదురా. "రాత్రి ఫైర్‌వాళ్ళకి కూలిన ఇళ్ళ కిందనుంచి చప్పుళ్ళు వినిపించాయండీ, పొద్దున్నే వచ్చి తీద్దామని వెళ్ళారండీ" అన్నా, అంతే, గొంతు పట్టేసింది. తెల్లారేసరికి, ఆ సునామీకే దెబ్బతిన్న ఫుకుషిమా అణు విద్యుత్ ప్లాంట్ చుట్టూ 10 కిలోమీటర్లు ఖాళీ చెయ్యమని ఆర్డర్. మళ్ళీ వెతకడం మొదలెట్టింది నెల తర్వాత. బడి మేడ మీంచి చూస్తే ప్లాంట్ గొట్టాలు కనిపిస్తాయి, అంత దగ్గర. పోనీ ఆ రేడియేషన్ విషమైనా ఇటొచ్చిందా అంటే, నేల మీద పడినదాంట్లో ఎక్కువ భాగం వాయవ్యంగా, నామియెలోనే కొండల్లో ఉన్న త్సుషిమా వైపు పోయింది, ఊరి జనం తలదాచుకోడానికి పోయిందీ అటే. ఇది చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, ఎవరిమీదో తెలీదు, అందరిమీదా...

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, 1977 నవంబర్ 19 రాత్రి దివిసీమ ఉప్పెనలో వాళ్ళ చెల్లెలు పోయిందట, నాలుగేళ్ళ పిల్ల, దొరకలేదట. "మాకు దారుల్లేక ఎవరూ రాలేదు బాబూ. వీళ్ళకి దారుండి కూడా రాలేకపోయారా" అన్నారు. వాళ్ళబ్బాయి మొహం చూడాలి, వాడికి ఆ అత్త సంగతే తెలీదు! నలభై ఏళ్ళ మనిషికి నామియెలో తెలిసింది. కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టారు, నేనూ పెట్టా, గైడ్‌గా కాదు, ఊరికే.

ఇకనుంచి అడక్కపోయినా మిగతాది చెప్తాను రా. ఆపేయడం ఎలా కుదిరిందో ఇన్నాళ్ళూ.

వెళ్ళేటప్పుడు ఆయన ఇంకో మాట అన్నారు, మీ అమ్మగారి ఊరి గురించి, అది రాస్తే, అయ్యో రైలొచ్చేసింది, ఇది పోతే మళ్ళీ చాలాసేపు ఉండదు, ఫోన్ చేస్తా