మందు పడకముందే రక్తం తీయాలి

సంపాదకులకు,

పసికందు రక్తంలో ఇన్ఫెక్షన్ చేరితే జ్వరం వచ్చే తీరాలని లేదు. నిన్నటిదాకా బాగా తాగిన బిడ్డ రొమ్ము పట్టదు, మగతగా పడి ఉంటుంది, ఒళ్లు చల్లబడుతుంది. దిష్టి తగిలిందనో, కడుపు నొప్పనో ఇంట్లోనే ఒక రాత్రి గడిపేస్తారు. ఆ ఆలస్యమే ప్రాణం తీస్తోంది. చంకలో థర్మామీటరు 35.5 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చూపినా, 37.5 దాటినా, నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా వెంటనే ఆస్పత్రికి తేవాలి. ఊపిరిని నిమిషం నిండా లెక్కించాలి. పసిపిల్లలు ఆగి ఆగి శ్వాసిస్తారు కనుక పావు నిమిషం లెక్కను నాలుగుతో హెచ్చిస్తే తప్పుతుంది.

అసలు లోపం ఆస్పత్రుల్లో ఉంది. చాలాచోట్ల ముందు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేసి, తర్వాత పెద్దాస్పత్రికి పంపుతున్నారు. ఒక్క డోసు పడ్డాక బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి గుర్తించే పరీక్షలో, క్రిమి పెరగకపోవచ్చు. క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ వంటి క్రిములు మామూలు మందులకు లొంగడం మానేస్తున్న రోజుల్లో, ఏ క్రిమో తెలియకుండా వైద్యం చేయడం బిడ్డకు ప్రమాదం.

ఇన్ఫెక్షన్ వస్తే రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్‌ను కొలిచే సీఆర్‌పీ పరీక్ష ఆ లోటు తీర్చదు. ఇన్ఫెక్షన్ మొదలైన 6 నుంచి 12 గంటలకు గానీ అది పెరగదు. మొదటిసారి మామూలుగా వచ్చిందని బిడ్డను ఇంటికి పంపకూడదు, 24 గంటల తర్వాత మళ్లీ చేయాలి. కాన్పు కష్టమైనా అది పెరుగుతుంది కనుక, పెరిగినంత మాత్రాన ఇన్ఫెక్షన్ అనీ చెప్పలేం.

కల్చర్‌కు కనీసం 1 మిల్లీలీటరు రక్తం కావాలి. నాలుగు చుక్కలు తీస్తే క్రిమి ఉన్నా దొరకదు. చర్మాన్ని, బాటిల్ మూతను స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి, నరంలో ముందే పెట్టి ఉంచిన పాత కాన్యులా (సూది గొట్టం) నుంచి తీయకూడదు. లేకుంటే చర్మం మీది క్రిమే పెరిగి దారి తప్పిస్తుంది. రక్తం పోసిన బాటిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం తరచూ జరిగే పొరపాటు. గది ఉష్ణోగ్రతలోనే ఉంచి త్వరగా ల్యాబ్‌కు పంపాలి. అయితే బిడ్డ పరిస్థితి విషమంగా ఉండి, నరం దొరక్కపోతే రక్తం కోసం మందు ఆపకూడదు.

48 గంటల్లో ఏమీ పెరగక, బిడ్డ కోలుకుంటే చాలామందికి మందు ఆపేయవచ్చు. కల్చర్ లేకుంటే అనుమానంతోనే వారం పది రోజులు సూదులు పొడుస్తారు.

అందుకే ప్రతి ఏరియా ఆస్పత్రిలో, కాన్పులు జరిగే ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో పిల్లల కల్చర్ బాటిళ్లు ఉంచాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాం. ఆదివారాలు, రాత్రిళ్లు కూడా వాటిని జిల్లా ల్యాబ్‌కు చేర్చే ఏర్పాటు కావాలి. క్రిమి పెరిగిన వెంటనే, రిపోర్టు కాగితం కోసం ఆగకుండా, బిడ్డకు వైద్యం చేస్తున్న డాక్టరుకు ల్యాబ్ నుంచే ఫోన్ వెళ్లాలి.

– నవజాత శిశు వైద్యులు, వరంగల్