తెనాలి పుస్తకం మాడిసన్‌లో దొరికింది

సంపాదకుల వారికి,

నమస్కారం. విదేశీ విశ్వవిద్యాలయాలు మన దేశంలో క్యాంపస్‌లు పెట్టుకోవచ్చని 2023లో యూజీసీ నియమావళి తెచ్చినప్పటి నుంచి, మన యూనివర్సిటీల పెద్దలు ఏ సభలో మైకు పట్టుకున్నా 'ప్రపంచస్థాయి' అనే మాట రాకుండా ఉండడం లేదు. నేను చూసిన ప్రపంచం కొంచెమే. 2018లో ఒక ఫెలోషిప్ మీద అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, మాడిసన్ క్యాంపస్‌లో, ఐదు నెలలున్నాను. అక్కడ చూసినవాటిలో ఒక్కటి మాత్రం మనం రేపు పొద్దున్నే మొదలుపెట్టొచ్చు. పెద్దగా ఖర్చు కూడా లేదు.

నేను దిగింది జనవరిలో. క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మెండోటా సరస్సు గడ్డకట్టి బండరాయిలా ఉంది, దాని మీద జనం షికార్లు చేస్తున్నారు. ఆ చలికి తాళలేక మెమోరియల్ లైబ్రరీలో దూరాను. నిజం చెప్పాలంటే పుస్తకాల కోసం కాదు, వెచ్చదనం కోసం. కార్డు చూపించాను, అంతే. ఏం పుస్తకం, ఎందుకు, ఎవరు పంపారు అని అడిగినవాళ్లు లేరు. నేరుగా అరల మధ్యకు వెళ్లిపోయాను. యూనివర్సిటీతో ఏ సంబంధమూ లేని ఊరివాళ్లు కూడా ఫొటో ఉన్న కార్డేదైనా చూపించి లోపలికి వస్తారట. అక్కడ చదువుకోవడానికి చిన్న చిన్న ఇనుప గదులున్నాయి, అచ్చం కోళ్లగూళ్లే. పిల్లలు కూడా వాటిని 'కేజ్‌లు' అనే అంటారు. పరిశోధక విద్యార్థులు పుస్తకాలూ ఫ్లాస్కూ పెట్టుకుని వాటిలోనే కాపురం.

అక్కడి వర్గీకరణలో తెలుగు సాహిత్యం సంఖ్య పి.ఎల్.4780. ఆ అరలో వేలు పెట్టి వెతుకుతుంటే, ఏళ్ల తరబడి నేను గాలిస్తున్న రైతు పాటల పుస్తకం తగిలింది. ఎనభై పేజీలు. 1964లో మా తెనాలిలోనే అచ్చయింది. ఆ ప్రెస్ మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉండేది, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల కొట్టు. అది మాడిసన్‌కు ఎలా చేరిందో లోపలి ముద్ర చూస్తే అర్థమైంది: పి.ఎల్.480. ఇది అర సంఖ్య కాదు, 'పబ్లిక్ లా 480' అనే అమెరికా ఆహార సాయం చట్టం. పెద్దవాళ్లకు ఆ పేరుతో వచ్చిన అమెరికా గోధుమలు గుర్తుండే ఉంటాయి. వాటికి మనం డాలర్లు కాకుండా రూపాయలు కట్టాం. ఆ రూపాయల్లో కొంత పెట్టి, 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం మన భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. రొట్టెలు మనకు, పుస్తకాలు వాళ్లకు.

అక్కడంతా బంగారమేమీ కాదు. ఫీజులు గుండె ఆగేలా ఉంటాయి, అప్పు లేని విద్యార్థి కనిపిస్తే ఆశ్చర్యపోవాలి. కానీ బాస్కమ్ హాల్ గోడ మీద ఒక ఫలకం ఉంది. కార్మికుల సమ్మెలను వెనకేసుకొచ్చాడని రిచర్డ్ ఈలీ అనే అర్థశాస్త్ర ఆచార్యుడి మీద 1894లో విచారణ జరిపి, ఆయన తప్పేమీ లేదని తేల్చిన పాలకమండలి రాసిన మాటలవి. నిర్భయంగా జల్లెడ పట్టి, తూర్పారబడితేనే సత్యం తేలుతుందని. కళ్లం తెలిసిన మనకు ఆ మాట వాళ్లకంటే బాగా అర్థం కావాలి. గాదెకు తాళం వేసి తూర్పారబట్టమంటే ఎవరు మాత్రం ఏం చేయగలరు?

ఇదే పాటల పుస్తకం కోసం అంతకుముందు మన రాష్ట్రంలోనే ఒక యూనివర్సిటీ లైబ్రరీకి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి గేటు దగ్గరే ఆపి ప్రిన్సిపాల్ ఉత్తరం తెమ్మన్నారు. తెచ్చాను. రెండోసారి, ఉత్తరం లైబ్రేరియన్ పేర కాదు, రిజిస్ట్రార్ పేర ఉండాలన్నారు. మూడోసారి బీరువా దాకా వెళ్లగలిగాను. అద్దంలోంచి పుస్తకం వీపు కనిపిస్తూనే ఉంది. తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నారు.

జనాన్ని అరల్లోకి వదిలితే పుస్తకాలు పోతాయి, వరస చెడిపోతుంది అంటారు. మాడిసన్‌లో తీసిన పుస్తకాన్ని మనం మళ్లీ అరలో పెట్టనక్కర్లేదు, బయట వదిలేస్తే సిబ్బందే సర్దుతారు. పోయే భయానికి బయటికెళ్లే దారిలో తనిఖీ ఉంటే సరిపోతుంది, లోపలికొచ్చే దారిలో కాదు. ఇదేం మనకు తెలియని విద్యా కాదు. మా పక్కన కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా 1935లో కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పి, ఒడ్డున ఉన్నవాళ్లకు ఇచ్చారు పాతూరి నాగభూషణం గారు. ఆ పడవ ఎక్కడానికి ఎవరి ఉత్తరమూ అడిగి ఉండరు.

ఉన్నత విద్యామండళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఒక ఉత్తర్వు ఇప్పించాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ఆధార్ చూపించిన ఎవరికైనా రోజు పాసు ఇవ్వాలి, అపురూపమైన ప్రతులు తప్ప మిగతా బీరువాలన్నీ తెరవాలి, ఏ పుస్తకం ఉందో ఇంటి నుంచే చూసుకునేలా జాబితా నెట్‌లో పెట్టాలి. విదేశీ క్యాంపస్‌ల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

పోయిన నెల పనుండి మళ్లీ ఆ లైబ్రరీకి వెళ్లాను. బీరువా అక్కడే ఉంది, పుస్తకమూ ఉంది. తాళంచెవి ఆయన రిటైరయ్యారట. చెవి ఎవరికి అప్పజెప్పారో వెతుకుతున్నామన్నారు.

ఇట్లు,
ఒక చరిత్ర అధ్యాపకుడు,
తెనాలి